బెల్లంపల్లి నుంచి దుబాయ్ కోర్టుకు, కరీంనగర్ మీదుగా

మా ఆయన మల్లేశం దుబాయ్‌లో నాలుగేళ్లు సెంట్రింగ్ పని చేశాడు. చివరి ఏడు నెలలు కంపెనీ జీతం ఇవ్వలేదు. వచ్చే వారం, వచ్చే నెల అంటూ జరిపి జరిపి, చివరికి వాళ్లుండే క్యాంపుకు కరెంటు కూడా తీసేశారు. తోటి పనివాళ్లు టికెట్‌కు చందాలు వేస్తే ఇంటికి చేరాడు. రావలసింది మన రూపాయల్లో దగ్గర దగ్గర రెండు లక్షలు. ఆర్నెల్ల దాకా అది పోయిన సొమ్మే అనుకున్నాం. కరీంనగర్‌లో గల్ఫ్ కార్మికులకు సాయం చేసే సత్తన్న అనే పెద్దాయన చెప్పాకే తెలిసింది, అక్కడి కార్మిక కోర్టులో ఇలాంటి చిన్న జీతం కేసులకు మేం ఫీజు కట్టక్కర్లేదని, వకీలు లేకపోయినా నడుస్తుందని, ఇక్కడే కూర్చుని వీడియోలో హాజరు కావచ్చని. ఆయనే ఆన్‌లైన్‌లో కేసు వేయించాడు. మొదటి వాయిదా రోజు ఇంటి నుంచే ప్రయత్నిస్తే నెట్ మధ్యలో తెగిపోయింది. రెండోసారి హాజరు కాకపోతే కేసు మూసేస్తామని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అందుకని ఈసారి కరీంనగర్‌లో సత్తన్న ఆఫీసు నుంచే మాట్లాడదామని బయల్దేరాం. వాయిదా అక్కడి టైము ప్రకారం పది గంటలకు, అంటే మనకు పదకొండున్నర.

నేను బెల్లంపల్లిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. ఒకరోజు జీతం కోతకు ఒప్పుకుని సెలవు పెట్టాను. మా ఊరి నుంచి పెద్దపల్లి దాకా రైల్లో వెళ్లి, అక్కడ బస్సు పట్టుకోవడం సులువు. ఏడున్నర ప్రాంతంలో రైలెక్కాం. జనరల్ టికెట్లు ఇద్దరికీ కలిపి వంద దాటలేదు. తొమ్మిది గంటలకు పెద్దపల్లిలో దిగి, బస్టాండ్ దగ్గర ముప్పై రూపాయలకు ఇడ్లీ తీసుకున్నాను. మల్లేశం చాయ్ మాత్రం తాగాడు. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే నాకు టికెట్ లేదు, ఆయనకు తీసుకున్నాం. గంటలో కరీంనగర్ చేరతామని, ఇంకో గంట చేతిలో ఉంటుందని నా అంచనా.

సుల్తానాబాద్ ఇంకా రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా బస్సు ఆగిపోయింది. ముందు ఒక వడ్ల లారీ రోడ్డుకు అడ్డంగా ఒరిగి, బస్తాలు పగిలి వడ్లు పోగులు పడ్డాయి. క్రేన్ రావాలన్నారు. పది గంటల ఇరవై నిమిషాల దాకా చూసి, ఇక లాభం లేదని దిగి నడిచి లారీ దాటాం. అవతల సంచులు దించి ఖాళీగా తిరిగిపోతున్న ట్రాలీ ఆటో కనిపించింది. డ్రైవర్‌కు యాభై ఏళ్లుంటాయి. కరీంనగర్‌కు ఆరు వందలు అడిగాడు. కోర్టు వాయిదా ఉంది, జర జల్దీ పోవాలన్నాను. ఏ కోర్టు అని అడిగితే దుబాయ్ కోర్టు అని చెప్పాను. ఎగతాళి చేస్తున్నాననుకుని నా ముఖం వంక అదోలా చూశాడు. జరిగింది రెండు ముక్కల్లో చెప్పాక ఆటో స్టార్ట్ చేస్తూ అన్నాడు, "మా తమ్మునియి గూడ పదకొండు నెలల పైసలు ఆగినయక్కా. గిట్ల అడగొచ్చని మాకెవ్వలు చెప్పలే." ఆ తర్వాత దారంతా బండి వేగం తగ్గించలేదు.

వెనక రేకు మీద కూర్చున్నాం. మల్లేశం ఇంటికి పోదామన్నాడు. ఇంత దూరం వచ్చి ఇదేం మాటని గట్టిగా అడిగితే అప్పుడు బయటపెట్టాడు. "నీకొకటి చెప్పలే. కంపెనీల పెట్టుకున్న పాస్‌పోర్టు వాపస్ ఇచ్చేముందు అరబ్బీల రాసిన కాయితం మీద సంతకం పెట్టించుకున్నరు. పైసలన్నీ ముట్టినయని రాసిండ్రట."

ఇన్నాళ్లు ఎందుకు దాచావని అడగడానికి కూడా అది సమయం కాదు. ఆ సంతకం నీది కాదని చెప్పు, అంతే అన్నాను.

పదకొండుంబావుకు చేరాం. డ్రైవర్ నాలుగు వందలే తీసుకున్నాడు. సత్తన్న రెండు ఫోన్లు చార్జింగ్ పెట్టి సిద్ధంగా ఉన్నాడు. అడిగినదానికే జవాబు చెప్పమని, కెమెరా వైపే చూడమని మల్లేశానికి నేర్పాడు. కాగితం సంగతి ఆయనకు కూడా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పదకొండున్నర దాటింది. వేచి ఉండమన్న అక్షరాలు తప్ప తెర మీద ఏమీ లేదు. పన్నెండు కూడా దాటింది. నెట్ పోయిందేమోనని పదిసార్లు చూశాను. పన్నెండూ పదికి జడ్జి కనిపించాడు, పక్క గడిలో హిందీలోకి మార్చి చెప్పే మనిషి, కింద కంపెనీ తరఫు ఆయన. కంపెనీ ఆయన మొదటే ఆ కాగితాన్ని కెమెరాకు చూపించాడు. సంతకం నీదేనా అని ప్రశ్న వచ్చింది. తెరకు కనపడకుండా పక్కన కూర్చున్న నేను మల్లేశం మోకాలు నొక్కాను.

ఆయన నా చెయ్యి మెల్లగా తీసేశాడు. హిందీలో చెప్పింది ఇంతే. "సంతకం నాదే సాబ్. పాస్‌పోర్టు కోసం పెట్టిన. పైసలు మాత్రం ఒక్క దిర్హమ్ ముట్టలే."

అయిపోయిందనుకున్నాను. జడ్జి కాసేపు ఏదో రాసుకుని, ఆ జీతం బ్యాంకులో వేశారా, చేతికిచ్చారా అని కంపెనీ ఆయన్ని అడిగాడు. చేతికే ఇచ్చామన్నాడు. అంతకుముందు నెలలన్నీ బ్యాంకులో వేసి ఇవి మాత్రం చేతికెందుకు ఇచ్చారు, రుజువేదీ అంటే ఆయన గడువు కోరాడు. వారం ఇచ్చారు. మొత్తం తొమ్మిది నిమిషాలు.

మెట్లు దిగుతూ మల్లేశం మీద కోపంగానే అడిగాను, ఎందుకు అలా చెప్పావని. "పాస్‌పోర్టు మీద గూడ గదే సంతకం ఉన్నది. నాది కాదంటే, పైసలు ముట్టలేదన్న మాట గూడ నమ్మరు" అన్నాడు. నాకా ఆలోచనే రాలేదు.

కంపెనీ రుజువు చూపించలేదు. ఏడు నెలల జీతం ఇవ్వాలన్న తీర్పు నెల తిరక్కుండానే ఫోన్‌కు వచ్చింది. ఇంటికొచ్చిన టికెట్ డబ్బు కూడా అడిగాం, కోర్టు అది మాత్రం ఒప్పుకోలేదు. కంపెనీ వెంటనే కట్టలేదు. అమలు కోసం మళ్లీ అర్జీ పెట్టాల్సి వచ్చింది. కోర్టు వాళ్ల బ్యాంకు ఖాతా ఆపేశాకే డబ్బు కదిలింది, రెండు విడతలుగా మూడు నెలల్లో మా చేతికందింది.

ఆ డబ్బులో ఎక్కువ భాగం టికెట్‌కు చందా వేసినవాళ్లకు, అప్పులకు పోయింది. అయినా మల్లేశంలో తేడా కనిపించింది. తిరిగొచ్చినప్పటి నుంచి నలుగురిలో కూర్చోవడానికి జంకిన మనిషి, ఇప్పుడు ఇలాంటి కేసులున్నవాళ్లు ఫోన్ చేస్తే ఓపిగ్గా దారి చెబుతున్నాడు. ఆ ట్రాలీ డ్రైవర్ నంబరు తీసుకోలేదే అన్న బాధ నాకింకా ఉంది. భయంతో అబద్ధం చెప్పమన్నది చదువుకున్న నేను, చెప్పనన్నది ఆయన. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తడు. నేనే ఇక్కడ రాసుకుంటున్నాను.

ఇలాంటి వాయిదా ఉన్నవాళ్లకు ఒక్క మాట. ముందురోజు సాయంత్రానికే కరీంనగర్ చేరండి, బస్టాండ్ చుట్టుపక్కల ఏడెనిమిది వందలకు గది దొరుకుతుంది. గదిలో కూర్చుని, అక్కడ ఉన్నప్పుడు ఏయే కాగితాల మీద సంతకం పెట్టారో ఒక్కటీ దాచకుండా ఇంట్లోవాళ్లకు చెప్పేయండి.