గోడక్క

దేశం కాని దేశంలో చదువుకునే మన పిల్లలందరికీ ఆమె గోడక్క. కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప వినబడేది కాదు. కొత్తగా దిగిన పిల్లలకు దారి చెప్పడానికి ఆ కాలేజీవాళ్లు పాత విద్యార్థుల్లోంచి కొందరిని ఏరుకుంటారు. వాళ్లలో ఆమె ఒకతె. ఏ బస్సెక్కాలి, జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇంటి ఓనరు గదమాయిస్తే ఏం జవాబివ్వాలి, అన్నీ ఆమె నాలుక చివరే ఉండేవి. నోరు చేదే గానీ మనసు చల్లన.

ఆ పేరు గోడ వల్ల వచ్చింది. హాస్టల్లో ఆమె గదిలో ఒక గోడకు నీలం పరదా కట్టి, పక్కన దీపం పెట్టింది. ఇంటికి వీడియో కాల్ చెయ్యాలంటే పిల్లలంతా దాని ముందుకే చేరేవారు.

"కళ్లు ఉబ్బాయా? దీపం ఇటు జరుపు. ఏడుపొస్తే సిగ్నల్ పోయిందని పెట్టెయ్" అని నేర్పేది. పైన పటారం, లోన లొటారం. అయినా అవతల అమ్మలకు కంటినిండా నిద్ర పడుతోంది కదా అని ఆమె ధీమా.

ఆ విద్యలో అందరికన్నా ఆరితేరింది నవ్వులపిల్ల. ఈ ఏడే వచ్చిన జూనియర్. కాల్ కలవగానే ముఖం చాటంత చేసుకుని నవ్వేది. గోడక్క కూడా ఆ నవ్వునే నమ్మి, ఈ పిల్లకేం లోటు లేదనుకుంది.

అందుకే ఆ మధ్యాహ్నం కాలేజీలో విద్యార్థుల బాగోగులు చూసే మేడమ్ పిలిచి చెప్పేసరికి ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. నవ్వులపిల్ల క్లాసు గడప తొక్కి చాలా కాలమైందట. ఫోనూ ఎత్తడం లేదట. ఇవాళ ఆఫీసు మూసేలోగా వచ్చి మాట్లాడితే ఏదో దారి వెతకొచ్చు. రాకపోతే సీటు పోతుంది. సీటు పోతే ఆ దేశంలోనే ఉండనివ్వరు.

గోడక్క పరుగున వచ్చి ఆ పిల్ల గది తలుపు బాదింది.

"ఎవరూ?"

"నీ అత్తగార్ని. తలుపు తియ్."

ఎప్పుడూ కిసుక్కుమనే పిల్ల నవ్వలేదు. "వెళ్లిపో అక్కా, నేను రాను."

"మేడమ్ నిన్నేం కొరుక్కుతినదే!"

"మేడమ్ సంగతి కాదు. వస్తే ఈ ఏడు పోయిందంటారు. ఇంట్లో చెప్పాలి. రోజూ నవ్విన నోటితో ఇవాళ ఏమని చెప్పను?"

"నిజం చెప్తే అమ్మలు చచ్చిపోరు."

"నువ్వు చెప్పావా మరి?"

గోడక్క ఉలిక్కిపడింది.

"మా పక్క సెక్షన్ మొదటేడు లెక్కల క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటావుగా, తప్పిన సబ్జెక్టు మళ్లీ చదవడానికి. మీ అమ్మకు తెలుసా?"

నువ్వుగింజ నానని నోరు ఏడాదిగా ఆ ఒక్క మాటనే దాచుకుంది. ఆ పరదా మొదట కట్టింది పిల్లల కోసమా, తన కోసమా? వరండా చివర కిటికీలోంచి పడే ఎండ అప్పుడే గోడెక్కుతోంది. ఆఫీసు కట్టేసే వేళ అవుతోంది.

ఆమె తలుపుకు ఆనుకుని, చెప్పుల గూటికీ చెత్తబుట్టకూ నడుమ చతికిలబడి, తల్లికి వీడియో కాల్ చేసి స్పీకర్ పెట్టింది.

"ఏమే, వెనకాల ఆ చెత్తబుట్టేంటి? నీ నీలం గోడేదీ?"

"ఇవాళ గోడ లేదమ్మా. పోయినేడు లెక్కల్లో తప్పాను. మళ్లీ చదువుతున్నాను. నీకు చెప్పలేదు."

తలుపు లోపల పిల్ల దగ్గరికి జరిగిన అలికిడైంది.

"అయితే ఏడాదిగా నేను గోడతో మాట్లాడానా?" అంది తల్లి. ఆ వెంటనే తిట్ల కుంభవృష్టి. "అబద్ధాలాడ్డానికి అంత దూరం పోవాలా? ఇక్కడే కూర్చుని ఆడొచ్చుగా! చీమ కుడితే వీధంతా చెప్పుకొచ్చేదానివి, ఇంత మాట కడుపులో ఎట్లా పట్టిందే?"

గోడక్క ఆపలేదు, ఫోన్ పెట్టలేదు. కళ్లు తుడుచుకుంటూ ఊఁ కొట్టింది.

గడియ తీసిన చప్పుడైంది. చింపిరి జుట్టుతో, ఎర్రటి కళ్లతో నవ్వులపిల్ల తొంగి చూసింది. "ఇంకా తిడుతున్నారా?" అంది గుసగుసగా.

"ఇంకా మా నాన్నవైపు చుట్టాల దాకా రాలేదు. చాలా ఉంది. చెప్పులేసుకో."

దారి పొడుగునా తిట్లు వింటూనే నడిచారు. ఆఫీసులో ఒక్కొక్క దీపమే ఆర్పుతున్నారు. మేడమ్ గది ముందు పిల్ల చెయ్యెత్తి ఆగిపోయింది.

"ఎవరే ఆ పిల్ల, తలైనా దువ్వుకోలేదు?" అంది ఫోన్లోంచి తల్లి.

"నేనూ తప్పానండీ, ఆంటీ."

"అయితే మీ అమ్మకు నువ్వే చెప్పు. నిన్నూ తిట్టే ఓపిక నాకు లేదు తల్లీ."

పిల్ల తలుపు తట్టింది. తన తల్లికి ఆ గదిలోంచే ఫోన్ చేసింది, వెక్కుతూనే. సీటు నిలిచింది, ఏడాది మాత్రం నిలవలేదు.

గోడ ఉన్నచోటే ఉంది. పరదా కిటికీకి మారింది, గోడకు తడిబట్టల తాడు వచ్చింది. పిల్లలు ఇంటికి మాట్లాడుతుంటే, "ముందు వెనకాల ఆ బట్టలు తియ్యవే, సిగ్గులేకపోతే సరి!" అని అవతల అమ్మలు కేకలేస్తూనే ఉంటారు.