పూండి టీచరమ్మ

నిన్న మనవరాలి స్కూల్లో నాటకానికి పిల్లల ముఖాలకు పౌడరు అద్దుతున్నారు. ఆ వాసన తగలగానే, అరవై దాటినదాన్ని, ఒక్క క్షణంలో తిరుత్తణి బడిలో తెర వెనక నిలబడ్డ ఎనిమిదో తరగతి పిల్లనైపోయాను. పక్కనే మా రత్నం టీచర్!

డెబ్బైలలో మాకు కుట్టుపని నేర్పిందావిడ. ఆవిడ నాన్నది పూండి పక్క పల్లె, తెలుగువాడు. అమ్మ బర్మా మనిషి. రంగూన్ నుంచి మనవాళ్లను వెళ్లగొట్టినప్పుడు టీచర్ తండ్రి వెంట ఇక్కడికి వచ్చేసింది. ముఖం మాత్రం అచ్చం తల్లిదే. బస్సెక్కితే కండక్టరు ఏ దేశమమ్మా అని అడిగేవాడు. పూండికి ఒక టికెట్టియ్యి నాయనా అని మన తెలుగులో అడిగేసరికి నోరు వెళ్లబెట్టేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్లం.

ఆ ఏడు ఆగస్టు పదిహేనుకు నాటకం. భారతమాత వేషమంటే ఎప్పుడూ ఎర్రగా ఉండే పిల్లకే. నేనేమో కారునలుపు. అయినా ఆ వేషం మీద ప్రాణాలన్నీ పెట్టుకున్నాను. నా గొంతు ఆఖరి బెంచీ దాకా వినిపిస్తుందని రత్నం టీచర్ నన్నే ఎంచుకుంది. పెద్ద టీచర్ ఒప్పుకుంది గానీ, పౌడరు మందంగా వెయ్యమంది. వేశారు. అద్దంలో చూసుకుంటే సున్నం కొట్టిన గోడలా ఉన్నాను. ఏడుపొచ్చింది. నోరు విప్పితే వేషం పోతుందని భయం.

రత్నం టీచర్ తడిగుడ్డతో వచ్చి నా ముందు కూర్చుంది.

“రంగూన్లో మా నాయన ముఖం జూసి పొమ్మనిరి. ఈడ నా ముఖం జూసి ఏ దేశమని అడగతా ఉండారు. కాయితాల్లో నాయన పేరుంటే చాలంట. దేశాన్ని అమ్మా అని పిలిచేవాళ్లు, నన్ను కన్న అమ్మ పేరు ఒకరన్నా అడగలేదు పాపా.” గుడ్డ చూపించి, “తుడిచేదా? నీ ఇష్టమే,” అంది.

“తుడిచేయండి టీచర్.”

నా ముఖంతో నేను వేదికెక్కాను. ముందు వరుసలో గుసగుసలు. గొంతు మాత్రం వణకలేదు. నాటకం ప్రకారం ఒక్కో రాష్ట్రాన్నీ పేరు పెట్టి పిలిచాను, పిల్లలొచ్చి చుట్టూ నిలబడ్డారు. అక్కడితో అయిపోవాలి. నాకేం పూనిందో, తెర వైపు తిరిగి, “బర్మా తల్లి కన్న బిడ్డా, నువ్వూ రా,” అన్నాను.

టీచర్ ఆ తడిగుడ్డతోనే వచ్చేసింది. నన్ను పట్టుకుని ఏడ్చేసింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. అబ్బ, ఆ సంతోషం ఇప్పటికీ ఒళ్లంతా పాకుతుంది!

తర్వాత తాలూకా ఆఫీసులో గుమాస్తానయ్యాను. రిటైరయ్యాక కూడా ఇరుగుపొరుగువాళ్లు ఫారాలు నింపమని వస్తారు. కూర్చోగానే తండ్రి పేరు చెప్పబోతారు. ఆగండి, ముందు మీ అమ్మ పేరు చెప్పండి అంటాను.