బ్రేకు గాలి తీసిన పొద్దులు

మా అత్తగారింట్లో కొత్త కోడలు పగటిపూట మొగుడితో మాట్లాడకూడదు. గోడ మీద ఎవరూ రాసిపెట్టలేదు గానీ, ఇంట్లో అందరికీ తెలుసు. మామ ముందు, బావ ముందు నెత్తి మీది కొంగు జారకూడదు. వాళ్లు వస్తే కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడాలి. రాత్రి మాట్లాడుకోవచ్చు కదా అంటారేమో. ఉన్నది ఒకటే పెద్ద అర్ర, నడుమ తడిక, తడిక అవతల మామ దగ్గు. మా ఆయన గుసగుసగా ఒక్క మాట అన్నాడంటే ఆ దగ్గు టక్కున ఆగిపోయేది. వింటున్నారని తెలిశాక నోరెలా పెగులుతుంది?

మెదక్‌లో మాది కిరాయి కారు మీద బతికే ఇల్లు. కొన్ననాడే ఆ కారు ముసలిది. మా ఆయన నడిపేవాడు, బావ బస్టాండు దగ్గర కూర్చుని కిరాయిలు మాట్లాడేవాడు. పాపన్నపేట పెళ్లిళ్లకు, తూప్రాన్ దాకా చుట్టాలను దింపడానికి, నొప్పులు పడే ఆడవాళ్లను దవాఖానకు తేవడానికి ఆ కారే దిక్కు. అలాంటి కారుకు బ్రేకు మెత్తబడిందంటే ఆటలు కాదు. పైపుల్లో ఆయిలు మధ్య గాలి చేరితే పెడలు ఉత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. ఆ గాలిని తీసెయ్యాలి.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున మా ఆయన వాకిట్లో నిలబడి, "అమ్మా, బ్రేకు గాలి తియ్యాలె. ఒక్కనితోని అయ్యేటట్టు లేదు" అన్నాడు. బావ బస్టాండుకు పోయాడు, మామకు మోకాళ్ల నొప్పులు. మా అత్త రొట్టె తిప్పుతూ, "నీ పెండ్లాం లేదా? దానికి కాళ్లు మంచిగనే ఉన్నయి గద" అంది.

నేను పోయి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. అలాంటి చోట కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. ఆయన పానా, రబ్బరు గొట్టం, ఒక గాజు సీసా పట్టుకుని కారు కిందికి దూరాడు.

"తొక్కు."

తొక్కాను.

"ఇంకోపాలి. ఇంకోపాలి. ఇగ పట్టు, నేను చెప్పేదాక కాలు తియ్యకు. పట్టినవా?"

జవాబు చెప్పకపోతే పని జరగదు. చుట్టూ చూసి, "పట్టిన" అన్నాను. పట్టపగలు నా మొగుడితో నేను మాట్లాడిన మొదటి మాట అది. ఎంత సిగ్గేసిందో, అంత సంతోషమూ వేసింది.

నేను పెడలు అదిమి పట్టినప్పుడు ఆయన చక్రం దగ్గరున్న చిన్న మర వదులు చేస్తాడు. బుడగలతో ఆయిలు సీసాలోకి వస్తుంది. మర మళ్లీ బిగించి ఆయన "ఇడువు" అన్నాకే నేను కాలు తియ్యాలి. ముందే తీశానా, పోయిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది, పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇదంతా ఆయన కింద నుంచి చెబుతూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను. ఇంతలో బావ ఏదో కిరాయి దొరికిందని వాకిట్లోకి వచ్చాడు. బావ వస్తే కోడలు లేవాలి కదా! కొంగు సర్దుకుని చటుక్కున లేచి కారు దిగి నిలబడ్డాను.

"కాలెందుకు తీసినవే!" అని కింద నుంచి కేక.

"బావొచ్చిండు" అన్నాను మెల్లగా.

కారు కింద నుంచి నవ్వు వినిపించింది. బయటికి కనబడుతున్న ఆయన కాళ్లు రెండూ ఊగిపోతున్నాయి. మా ఆయన అలా నవ్వగలడని నాకు ఆనాటిదాకా తెలియదు. బావ ఏమీ అర్థం కాక బిక్కమొహం వేసుకుని లోపలికి పోయాడు.

ఆ పూట మామ తీర్పు చెప్పాడు. "కోడలు కారుల కూసున్నంతసేపు మనోళ్లెవ్వరు వాకిట్లకు రావొద్దు. దాని మర్యాద నిలవడితే మన బ్రేకులు నిలవడయి."

మామ అలా మాకు తెలియకుండానే ఒక అర్ర కట్టించి ఇచ్చాడు. దానికి గోడలు లేవు గానీ లోపలికి ఎవరూ రారు. గాలి తీసేటప్పుడు ముందు పెడలుకు దూరపు చక్రం, చివర దగ్గరి చక్రం పట్టుకోవాలి. ఆయన ఎడమ వెనుక చక్రం దగ్గర మొదలుపెట్టేవాడు. అక్కడి నుంచి మాట సన్నగా వినిపించేది. చక్రం చక్రానికి ఆ గొంతు దగ్గరికి వచ్చేది. ఆఖరికి నా కాళ్ల పక్కనున్న ముందు చక్రం దగ్గరికి చేరేవాడు, అప్పుడు ఊపిరి కూడా వినిపించేది. ఒకరి ముఖం ఒకరికి కనబడదు కాబట్టి ఏ మాటైనా వచ్చేది. తూప్రాన్ హోటల్లో చాయ్ నీళ్లలా ఉందని, పెళ్లిబృందం మేకను సీటు మీద కూర్చోబెట్టిందని ఆయన చెప్పేవాడు. కుల్చారంలో మా అమ్మ యాదికొస్తోందని నేను చెప్పేదాన్ని. కడుపుతో ఉన్నానన్న మాట కూడా అందరికంటే ముందు ఆ చివరి చక్రం దగ్గరే చెప్పాను. మనిషి గొట్టం పెట్టడం మరిచి మర తిప్పేసినట్టున్నాడు, గడ్డమంతా ఆయిలుతో బయటికి వచ్చాడు.

ఏడుపాయల జాతరకు ముందోసారి, జాతర అయ్యాక ఇంకోసారి, వానలో తిరిగొస్తే మళ్లీ గాలి తియ్యడమే. బావకు విసుగొచ్చింది. "మందికి గూడ కార్లున్నయి. గీ కారుకే గింత గాలెట్ల సొస్తదిరా?" అన్నాడు. లోపలి నుంచి మా అత్త, "పాతది గద, సొస్తది" అంది.

తర్వాత బస్సులు పెరిగాయి. కిరాయిలు తగ్గాయి. కారు అమ్మేద్దామని బావ తేల్చేశాడు. రేపు ఎట్లా బతకాలని ఇంట్లో అందరికీ రంది. నా రంది వేరు. కారు పోతే మేమిద్దరం ఎక్కడ మాట్లాడుకోవాలి? ఈ మాట ఎవరితో అనగలను? ఆఖరుసారి గాలి తీసినప్పుడు చివరి చక్రం అయిపోయినా ఆయన కింద నుంచి రాలేదు, నేను పెడలు మీది నుంచి కాలు తియ్యలేదు. 

కొన్నాయన వచ్చి డిక్కీ తెరిచి సామాన్లు చూసుకున్నాడు. జాకీ, పానాలు, అడుగున గోనెసంచిలో చుట్టిన ఒక వేపకట్టె. మూరెడు కంటే కాస్త పొడుగు, ఒక కొస గాడి చెక్కి ఉంది. ఇదేందని ఆయన అడిగితే మా మామ అరుగు మీది నుంచే చెప్పాడు.

"గా కట్టెనా? బ్రేకు గాలి తీసేది. తొక్కి, సీటుకు పెడలుకు నడుమ నిలవెడ్తే కదలదు. పెండ్లి గాకముందు మావోడు ఒక్కడే తీసెటోడు."

నేను తలుపు చాటున ఉన్నాను. మా ఆయన ఉన్నపాటున వంగి, ఏమీ కాని టైరును పట్టి చూడసాగాడు. ఆయన చెవులు ఎర్రబడడం అక్కడి నుంచే కనబడింది.

మా అత్త గబగబా పోయి కట్టె లాక్కుంది. "గిది ఇయ్యం" అని లోపలికి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నీకెర్కేనా అత్తా?" అన్నాను.

"నాకెర్క లేకుంటదా? కట్టె ముచ్చట పెడ్తదా బిడ్డా?"

తర్వాత మేం వేరు పడ్డాం, తలుపులున్న అర్ర వచ్చింది, వద్దనేవాళ్లు లేకుండా పోయారు. ఆయన లారీ నడిపి అలసి వచ్చి, తిని గోడవైపు తిరిగేవాడు. ఏమన్నా చెప్పమంటే, "ఏం చెప్పాలె" అనేవాడు. ఒకసారి నాకు ఒళ్లు మండి, "మంచం కిందికి దూరు, అప్పుడన్న మాటలొస్తయి" అన్నాను. మళ్లీ అదే నవ్వు నవ్వాడు. ఆ నవ్వు కోసం నేను ఎంత మొహం వాచి ఉన్నానో అప్పుడు తెలిసింది.

ఆయన పోయి చాలా కాలమైంది. కట్టె తలుపు వెనుకే ఉంది. దారిలో ఎవరైనా కారు కింద పడుకుని పనిచేస్తుంటే నా కుడికాలు తనంతట తానే నేలను అదుముతుంది. పట్టిన అని చెప్పాలనిపిస్తుంది. ఇడువు అని చెప్పేవాడు లేడు.