నిరుటి ఫోల్డర్‌లో కార్శి తోట

అది 2024 ఫిబ్రవరి. అనకాపల్లిలో రైల్వే స్టేషన్‌కి వెళ్లే రోడ్డు మీద నాకో కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. ఇరవై ఏళ్లుగా అదే పని. మా ఇంట్లో అందరిదీ బెల్లం వ్యాపారం. నేనొక్కణ్నే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. ఎవరి కంప్యూటర్ చూసినా ముందు అందులో చెత్త ఎంత పేరుకుందో చూస్తాను. ఊడ్చి తుడిచి ఇచ్చేదాకా నాకు తోచదు. అదే నా పనితనం అనుకుని మురిసిపోయేవాణ్ని.

ఒకరోజు పొద్దున్నే సుజాత అనే అమ్మాయి కశింకోట అవతల ఊరి నుంచి షేర్ ఆటోలో వచ్చి, ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టింది. ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరు. వాళ్ల ఊళ్లో రైతులందరికీ కలిపి ఒకటే బెల్లం గానుగ. చెరకు ఎవరిది ముందు ఆడాలన్నది వంతు ప్రకారం జరగాలి. ఆ వంతులు ఇదివరకు సంఘం ప్రెసిడెంటు చీటీల మీద రాసిచ్చేవాడట. ఆయనకి కావలసినవాళ్ల చెరకు ముందు ఆడేది. కౌలురైతుల తోటలు ఎండి గుల్లబారేదాకా ఎదురుచూసేవి. సుజాత నాలుగేళ్ల కిందట సొంతంగా ఒక ప్రోగ్రామ్ రాసింది. తోట వయసు చూసి వంతు కట్టి, ‘రేపు నరకండి’ అని రైతు ఫోనుకి మెసేజ్ పంపుతుంది. పైరవీ లేదు, చీటీ లేదు.

“పెసిడెంటు గారు ఇప్పటికీ అంతారు సార్, ‘సెల్లులో వంతులేటమ్మా, ఒక్కపాలి తేడా వత్తే మళ్లీ సీటీలే’ అని. ఒక్కసారి తప్పితే చాలు, ఎత్తేత్తారు. ఇదేమో అక్షరం కొడితే కదలట్లేదు. సీజన్ మధ్యలో ఏదైనా మార్చాల్సి వత్తే నేనేటి సెయ్యాలి?”

తెరిచి చూశాను. కోడ్ ఎడిటర్ అంటే ప్రోగ్రామ్ రాసుకునే నోట్‌బుక్ లాంటిది. దాని వెనకాల లాంగ్వేజ్ సర్వర్ అని ఇంకో ప్రోగ్రామ్ నడుస్తుంది. మనం రాసిందంతా చదువుతూ, తప్పుల కింద ఎర్రగీతలు గీస్తుంది. ఏ మాట ఎక్కడెక్కడ వాడామో అడిగితే చూపిస్తుంది. సుజాత ప్రతి సీజన్‌కీ మొత్తం ప్రాజెక్టుని కాపీ చేసి, ఆ కాపీని మళ్లీ ప్రాజెక్టులోనే దాచింది. అలాంటివి మూడు ఫోల్డర్లు. వాటికి తోడు తోటల ఫొటోలు వేలకొద్దీ. పాపం ఆ సర్వర్ అన్నీ చదవబోయి ఊపిరాడక పడుంది.

“నేను దాచేసేను కదా సార్ వాటిని,” అంది సుజాత.

నిజమే, ఎడిటర్ పక్కనుండే జాబితాలో అవి కనపడకుండా చేసింది. కానీ అది మన కంటికి దాచడమే. సర్వర్‌కి విడిగా చెప్పాలి. ఎక్స్‌క్లూడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అందులో పేర్లు రాస్తే ఆ ఫోల్డర్ల జోలికి అది పోదు. నేను ఒక్కో పేరూ రాస్తుంటే సుజాత కంగారుపడింది.

“పాతవి తీసెయ్యకండి సార్. నిరుటి దాన్లోంచే కార్శి వాళ్లకి...”

“తీసెయ్యడం లేదమ్మా. చూడొద్దంటున్నాను, అంతే,” అన్నాను. ఆమె మాట పూర్తి కానివ్వలేదు. చెత్తను వెనకేసుకొచ్చే మాటలు రోజూ వింటూనే ఉంటాను, ఇదీ అలాంటిదే అనుకున్నాను. సెట్టింగ్ సేవ్ చేయగానే ఎడిటర్ గాలిలా పరుగెత్తింది. ఎర్రగీతలన్నీ పోయాయి. సుజాత మొహం వెలిగిపోయింది. నాకు గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి?

వారం తిరక్కుండా గానుగ రోలర్ పగిలింది. విశాఖలో బాగు చేయించి తెచ్చేసరికి నాలుగు రోజులు పడుతుందన్నారు. వంతులన్నీ నాలుగు రోజులు వెనక్కి జరపాలి. సుజాత ఫోన్ చేసింది. వంతు తేదీ లెక్కకట్టే ఫంక్షన్ ఒకటుంది. అయిపోయిన వంతుల రిజిస్టరు కూడా దాని మీదే నడుస్తుంది కాబట్టి దాన్ని కదపకూడదు. కొత్త ఫంక్షన్ ఒకటి రాసి, మెసేజ్‌లు పంపే చోటల్లా పాతదాని బదులు దాన్ని పెట్టమన్నాను. పాతది ఎక్కడెక్కడ వాడావో సర్వర్‌నే అడగమన్నాను.

“రిజిస్టరు కాక, నాలుగు సోట్ల సూపిత్తంది సార్.”

“నాలుగూ మార్చెయ్.”

“ఇంకెక్కడా లేదా సార్? ఎక్కువే ఉండాలనిపిత్తంది.”

“లేదంటే లేనట్టే. అది మనకన్నా బాగా చదువుతుంది.”

ఆ మాట అన్న నోటిని ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం మళ్లీ సుజాత ఫోన్ వచ్చింది. ఏడుపులో మాట తెలియడం లేదు. షాపు మూసి బండి మీద వెళ్లాను. గానుగ దగ్గర పొయ్యి చల్లగా ఉంది. దాని పక్కన ఎండలో నరికిన చెరకు మోపులు గుట్టలుగా పడున్నాయి. ఆరుగురు రైతులవి. అందరూ కౌలుకి చేసుకునేవాళ్లే, అందరివీ కార్శి తోటలే.

కార్శి అంటే ఏమిటో ఆ గుట్టల పక్కన నిలబడ్డాకే నాకు సరిగ్గా అర్థమైంది. బెల్లం తిని పెరిగాను గానీ చెరకు తోటలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. చెరకు నరికాక మొదళ్లు భూమిలో ఉంచేస్తే వాటినుంచే మళ్లీ పిలకలొచ్చి తోట లేస్తుంది. నిరుటి తోటే ఈ ఏడు కార్శి. అందుకని సుజాత ఆ రైతుల మెసేజ్‌లు పంపే ఫైలుని నిరుటి ఫోల్డర్‌లోనే ఉంచింది. రైతుబిడ్డ బుద్ధికి అదే సబబు. ప్రతిరోజూ అది అక్కణ్నుంచే నడుస్తూ, అసలు ప్రోగ్రామ్‌లోని పాత ఫంక్షన్‌నే పిలుస్తూ ఉంది. నేను చూడొద్దన్నాను కాబట్టి సర్వర్ ఆ ఐదో చోటు చెప్పలేదు. ఆరుగురికీ పాత తేదీకే ‘రేపు నరకండి’ అని వెళ్లింది.

సుజాతకి మావయ్య వరసయ్యే నూకరాజు మోపుల పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. అరెకరం కౌలు. అతను వంతు కోసం ప్రెసిడెంటు అరుగు మీద పడిగాపులు పడటం చూడలేకే సుజాత ఈ ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టిందట.

“గానుగ ఆగిందని తెలుసు బాబూ. మరి నరకమని కబురొచ్చింది. బాగైపోయిందేమో అనుకున్నాం,” అన్నాడు. “అడుగుదామనే అనుకున్నాను. ఇంక ఎవుల్నీ అడగక్కర్లేదు మావయ్యా, ఫోనే సెప్తాదని సుజాతమ్మే కదా అంది.”

సుజాత వెనక్కి తిరిగి నిలబడింది.

గానుగ మళ్లీ తిరిగేసరికి మోపుల్లోనే రసం పులిసింది. ఎంతసేపు వండినా పాకం ముదరలేదు. దిమ్మ కట్టాల్సిన బెల్లం నల్లగా, జిగురుగా పెనం అడుగున ఉండిపోయింది. ఆ సాయంత్రమే సంఘం కూర్చుంది. నేనూ వెళ్లాను. ప్రెసిడెంటు గొంతు కూడా పెంచలేదు. “ముందే సెప్పేను కదమ్మా, ఇంక సీటీలే,” అన్నాడు, అంతే. నేను లేచి, తప్పు అమ్మాయిది కాదు నాది అన్నాను. పాత ఫోల్డర్లు చూడొద్దని కంప్యూటర్‌కి నేనే రాశానని చెప్పాను. ఎవరికీ అర్థమైనట్టు లేదు. నూకరాజు ఒక్కడే తలెత్తాడు.

“అంటే మా కార్శోళ్లని సూడొద్దని సెప్పేరా బాబూ?”

“అవును,” అన్నాను. ఇంకో జవాబు ఉంటే ఇచ్చేవాణ్ని.

మీటింగ్ అయ్యాక ల్యాప్‌టాప్ తెరిచి ఆ జాబితాలోంచి నిరుటి ఫోల్డర్ పేరు ఒక్కటి చెరిపాను. రెండు నిమిషాల పని. సర్వర్‌ని మళ్లీ అడిగితే ఆ ఐదో చోటు వెంటనే చూపించింది. సుజాత దాన్ని కూడా జాగ్రత్తగా మార్చి సేవ్ చేసింది. ఇక ఆ మెసేజ్‌లు అందుకునేవాళ్లు ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు. అయినా చేసింది.

ఆ తర్వాత ఆమె నా షాపుకి రాలేదు. ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడింది, అదే ఎక్కువ బాధపెట్టింది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్నడిగితే ఒకటే చెబుతాను. ఎర్రగీతలు పోయాయంటే తప్పులు పోయాయని కాదు, చూసేవాడు తల తిప్పుకున్నాడని కూడా కావచ్చు. ఏ ఫోల్డర్ చూడొద్దో రాసే ముందు, దాన్ని పెట్టుకున్న మనిషి ఎందుకు పెట్టుకున్నాడో చివరిదాకా వినండి. నేను నేర్చుకున్నది ఇంతే. దీనికి ఇంత ఖరీదు అక్కర్లేదు, పైగా ఆ ఖరీదు కట్టింది నేను కాదు.

మరుసటి ఏడాది కశింకోట వైపు వెళ్తూ ఆ ఊళ్లో ఆగాను. వంతులు చీటీల మీదే నడుస్తున్నాయి. నూకరాజు కార్శి మొదళ్లు తవ్వించేసి, కౌలు వదులుకుని, ఆ చీటీలు రాసే ప్రెసిడెంటు తోటలోకే కూలికి వెళ్తున్నాడు.