కొమురవ్వ ఇచ్చిన గుంట

చిట్యాల రైతు వేదికలో మీటింగు ఉందంటే కొమురవ్వ తప్పకుండా పోయేది. వాతావరణ మార్పును తట్టుకునే సాగు అని గోడంత ఫ్లెక్సీ కట్టేవాళ్ళు. ఆమెకు చదువు రాదు. ఫ్లెక్సీ మీద నవ్వుతున్న రైతు బొమ్మను చూసి, “వీడు ఏ ఊరోడే? చెమట గూడ పట్టలే” అనేది. ఇచ్చిన చాయ్ తాగి, ఆ కాసేపు ఫ్యాను గాలికి కూచుని, వచ్చిన దారినే ఇంటికి పోయేది.

వానలు దారి తప్పాయని ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మిరుగు కార్తె దాటగానే ఒక పెద్ద వాన పడుతుంది. ఊరంతా పత్తి గింజలు పెడుతుంది. మొలక రెండాకులు వేస్తుంది. ఇక అక్కడి నుంచి ఆకాశం తెల్లగా మాడి కూచుంటుంది. మొలకలు మెడలు వాల్చేస్తాయి. మళ్ళీ గింజలు కొనాలి, మళ్ళీ పెట్టాలి. ఏటా ఇదే తంతు.

ఆమె పుట్టిల్లు కాటారం అవతల, అడవిని ఆనుకున్న ఊరు. చిన్నతనంలోనే చిట్యాల మండలంలోని ఈ ఊరి మొగిలికిచ్చి పెళ్ళి చేశారు. మొగిలికి వాన మీదే పండే మూడెకరాల ఎర్ర చెలక ఉండేది. అత్తగారింటికి వచ్చిన కొత్తలో ఆమె చేసిన పని రాళ్ళేరడం. ఏరిన రాళ్ళన్నీ పల్లపు మూలకు మోసి అడ్డంగా గట్టు పేర్చింది. ఏళ్ళ తరబడి పైనుంచి వాన కడుక్కొచ్చిన మన్ను ఆ గట్టు దగ్గర ఆగి, ఆ మూల ఒక్కటీ నల్లబడింది. కంది, బెండ, చిక్కుడు, ఇంట్లోకి కావలసినవన్నీ అక్కడే.

తర్వాత కాలువ వచ్చింది. సర్వే వాళ్ళు గొలుసు లాగి, “నీది నలభై గుంటలు పోతది” అన్నారు. నలభై గుంటలంటే ఎకరం. నీళ్ళొస్తే మిగిలిన రెండెకరాలే బంగారం అవుతాయని చెప్పారు. కాలువ తవ్వారు. అందులో ఇప్పుడు తుమ్మచెట్లు మొలిచాయి, మేకలు మేస్తాయి. మొగిలి సాయంత్రాలు ఆ కట్ట మీద కూచుని లోపలికి చూస్తుండేవాడు. అట్లా చూస్తూ చూస్తూనే ఒక జ్వరానికి పోయాడు. గుంట అన్న మాట ఎవరి నోట వచ్చినా కొమురవ్వకు ఆ గొలుసు చప్పుడే వినబడేది.

ఊరి ఫీల్డ్ అసిస్టెంటు డేవిడ్. ఉపాధి హామీ పనులు చూసేవాడు. ఒక ఎండాకాలం ఆమె చెలక పక్కన బండి ఆపాడు.

“అవ్వా, నీ చెల్కల గుంట తీత్తరట. పేరు రాసుకోన్నా?”

“రాసి చూడు. నీ చెయ్యి ఇరుగుతది.”

“అందరు రాయించుకుంటాన్లు గదనే!”

“ఉన్నోళ్ళు రాయించుకుంటరు. నాకేమున్నదిరా?”

మరుసటేడు కూడా అడిగాడు, తిట్లు తిన్నాడు. ఆ పై ఏడు ధైర్యం చేసి పల్లపు మూలలో సున్నంతో గీతలు గీయించాడు. ఆమె వాటిని కాళ్ళతో చెరిపేసింది. రైతుకు ఆసక్తి లేదని పైవాళ్ళు రాసుకున్నారు. పేదవాళ్ళు ఒకటి వద్దన్నారంటే దానికి కారణం ఉంటుందని ఆ రాసే చేతులకు ఎప్పుడు తట్టింది గనక?

ఈ వేసవిలో ప్రసూన వచ్చింది. కొలతలు వేసే టెక్నికల్ అసిస్టెంటు. జనగామలో బట్టల దుకాణం వాళ్ళమ్మాయి, మహబూబాబాద్ వైపు పనిచేసి కొత్తగా ఇటు మారింది. టేపు పట్టుకుని డేవిడ్‌తో కలిసి చెలకలోకి దిగేసరికి కొమురవ్వ సరిగ్గా ఆ నల్లమన్ను మీద కాళ్ళు చాపుకుని కూచుంది.

“అవ్వా, జర లేవవా? టేపు పట్టాలె.”

“పట్టు. నా మెడకు పట్టు.”

“నీ మంచికే గదా. ఈడ గుంట తీస్తే వానకు నిండుతది. నీకే అక్కరకొస్తది.”

“నా గుంట తీసుకపోయి దాంట్ల నీళ్ళు నింపుతరా? కాల్వకు గుంజుకున్ననాడు గూడ గిదే చెప్పిన్లు.”

“తీసుకపోవుడేంది?” అని ప్రసూన డేవిడ్ వైపు చూసింది. డేవిడ్ నాకేం తెలుసన్నట్టు చేతులు తిప్పాడు.

సద్ది తెచ్చిన కోడలు సంగీత గిన్నె కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడి నవ్వింది.

“ఓ అత్తమ్మా! భూమి గుంట గాదే! బొంద! బొంద తీత్తరట!”

“బొందా?” కొమురవ్వ గుండె మీద చెయ్యేసుకుంది. “ఎవలికే? నాకా?”

ఇక డేవిడ్ కూడా ఆపుకోలేకపోయాడు. “నీళ్ళ కోసమే అవ్వా! మూడేండ్ల సంది మరి నేను మొత్తుకునేదేంది?”

“నువ్వు తీత్తరు అన్నవు. తవ్వుతరు అంటే నీ సొమ్మేం బోయేదిరా?”

నలుగురూ నవ్వారు. అందరికంటే ముందు కొమురవ్వే నవ్వు ఆపింది. కింద ఉన్న మన్నును చేత్తో తడిమింది.

“బిడ్డా, గా బొంద ఎంతుంటది?”

“పది మీటర్లకు పది మీటర్లు.”

“నాకు సమజయ్యేటట్టు చెప్పు.”

ప్రసూన ఫోను తీసి లెక్కేసింది. మొహంలో నవ్వు పోయింది. “గుంట” అంది మెల్లగా.

“ఏ గుంట?”

“భూమి గుంట, అవ్వా. అటిటుగా ఒక గుంట.”

“గట్టుతోటి ఇంకో గుంట” అన్నాడు డేవిడ్, ఎటో చూస్తూ.

“అంటే నేను ఇన్నదే నిజమన్నట్టు” అంది కొమురవ్వ.

చెలకంతా ఈ మూలకే వాలుతుంది, ఇంకెక్కడ తవ్వినా నీళ్ళు నిండవు. మంచి మన్నూ ఈ మూలకే చేరింది. ఇరవై ఎకరాల ఆసామికి రెండు గుంటలు పోతే పోయినట్టు కూడా తెలియదు. ఆయన చేలో తవ్విన నీళ్ళ కుంటా, ఈమె చేలో తవ్వే కుంటా పైన లెక్కలో ఒకటే. కూలి సర్కారు ఇస్తుంది. భూమి మాత్రం ఎవరిది వాళ్ళే ఇచ్చుకోవాలి. ఆ సంగతి ఫ్లెక్సీ మీద ఉండదు.

ఆ పూట ఆమె ఏమీ తేల్చలేదు. గట్టు మీద కూచుని సద్ది తిన్నది. తవ్వకపోతే మొలకలు ఎండుతాయి. తవ్వితే ఆమె చేతులతో ఆపిన మన్ను పోతుంది. పొద్దున్నే డేవిడ్ ఇంటి ముందుకు పోయి నిలబడింది.

“గుంట తీసుకోండ్రిరా. మన్ను మాత్రం నాకిడువుండ్రి.”

“మన్నుతోనే గట్టు పొయ్యాలెనే. చూసేటోళ్ళు గట్టే చూత్తరు.”

డేవిడ్ ఫోనులో అడిగితే ప్రసూన, “మనం కొలిచేది బొంద. కింది మన్ను గట్టుకు చాలు. పై మన్ను ఆమెకిడువు” అంది.

అట్లా పని మొదలైంది. ఊరి కూలీలతో పాటు కొమురవ్వ కూడా తట్ట పట్టింది. ఒకప్పుడు పైనుంచి కిందికి రాళ్ళు మోసింది. ఇప్పుడు కింది నుంచి పైకి నల్లమన్ను మోసి ఎర్ర చెలక మీద చల్లింది.

“సూడుండ్రి, భూమి పోగొట్టుకునుడుకు గూడ కూలి తీసుకుంటాంది కొమురవ్వ!” అని ఆడవాళ్ళు ఏడిపించారు.

“మీ భూములు కాల్వల పోయిననాడు మీకు గీ కూలి గూడ దొరుకలే గదనే” అని తట్ట నెత్తినెత్తుకుంది. ఎంత భూమి అని ఎవరడిగినా ఆ వేసవంతా ఒకటే మాట, “రెండెకరాలకు రెండు గుంటలు తక్కువ.”

మిరుగు వాన పడింది. కుంట నిండింది. పత్తి మొలిచింది. తర్వాత ఎప్పటిలాగే ఆకాశం మాడింది. ఈసారి అత్తాకోడళ్ళు బిందెలతో కుంటలోకి దిగారు. మొలకల మొదళ్ళలో చెంబుతో పోసుకుంటూ సాలు వెంట సాలు నడిచారు. చేతికందిన సాళ్ళు నిలబడ్డాయి. పైన దూరంగా ఉన్నవి చేరేలోపే వాడిపోయాయి, అక్కడ మళ్ళీ గింజ పెట్టక తప్పలేదు. ఒక్క కుంట ఎంతకని సరిపోతుంది?

ఆ దారిన పోతున్న డేవిడ్ బండి ఆపాడు.

“అవ్వా, ఎట్లున్నది నీ రెండు గుంటలు తక్కువ భూమి?”

“రెండెకరాలురా. మంచిగ పలుకు.”

“మరి బొందల పోయిన భూమి?”

“ఏడ పోయింది? పొద్దుగాల్నించి దాంట్లెనే ఉన్న గదా” అని కొమురవ్వ ఖాళీ బిందె చంకనేసుకుని మళ్ళీ కుంటలోకి దిగింది.