సబ్బు మెత్తిన పెట్రోలు టాంకు

1981 చలికాలంలో నేను భిలాయి ఉక్కు కర్మాగారంలో భద్రతా విభాగం అధికారిగా ఉన్నాను. అప్పుడే ఒక క్లబ్బు వారు పాత కార్ల పందెం పెట్టి, స్క్రూటినీర్ బాధ్యత నాకు అప్పగించారు. అంటే పందేనికి ముందు వాహనాలను పరీక్షించేవాడు. ఆయన ఒప్పుకోనిదే ఏ బండీ పందెం మొదలయ్యే గీత దగ్గరికి రాకూడదు.

పాత కార్లకు నిబంధనలు కొంత వేరు. పుట్టినప్పుడు సీటు బెల్టు లేని బండిని అలాగే ఒప్పుకున్నాం. కానీ యాక్సిలరేటరు స్ప్రింగు తెగితే ఆదుకునే రెండో స్ప్రింగు, చేతికందే మంటలార్పే సిలిండరు, చుక్క కారని పెట్రోలు టాంకు ఉండి తీరాలి.

దానియేలు గారి టాపు లేని కారు ఆ చివరిదాని దగ్గర తప్పింది. ఆయన మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద, ప్లాంటులో ఉక్కు ప్లేట్లు అతికే ఫ్యాబ్రికేషన్ షాపు ఫోర్‌మన్. టాంకు చిల్లికి బట్టల సబ్బు మెత్తి ఉంది.

“ఏటి తమ్ముడూ, ఈ సబ్బుతోనే కదా సెక్టర్ 2 నుంచి చర్చికొస్తన్నాను?” అన్నారు.

“చర్చికి మీరు నెమ్మదిగా వస్తారన్నయ్యా. అందుకే మొదటి పాట ఎప్పుడూ మీకు దొరకదు.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

మేడ కట్టినవాడు పిట్టగోడ కూడా కట్టాలని, లేకుంటే పడినవాడి రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుందని మా బైబిలు చెబుతుంది. అది దేవుడిచ్చిన భద్రతా నిబంధన అని నా విశ్వాసం. సంఘపెద్దకైనా అందులో సడలింపు లేదు. కారుకు ఎర్ర చీటీ అతికించాను.

“నీ రూలు నీది. పెట్రోలు ఒంపేసి, మా అల్లుడి చేత వెల్డింగు పెట్టించుకొచ్చేస్తాను. చిటికెలో పని. భయ్యా, జరా ధక్కా దేదో” అని పక్కవాళ్లను కారు తోయమన్నారు.

ఇనుముకు చిల్లి కనబడితే వెల్డింగు పెట్టేయడం మా ఉక్కు ఊరివాళ్లకు అలవాటు. అయితే నిండు టాంకు కన్నా ఒంపేసిన టాంకే ప్రమాదం. పెట్రోలు పోయినా దాని ఆవిరి లోపల గాలితో కలిసి ఉంటుంది. నిప్పు తగిలితే పేలుతుంది. కారుకు అడ్డంగా నిలబడి ఆ మాటే చెప్పాను.

“ఒంపేస్తే పోద్దనుకున్నాన్రా. ప్లేట్లు అతికించిన చేతులివి, టాంకులు అతికించినవి కావు,” అన్నారాయన. తోస్తున్నవాళ్లను ఆగమన్నారు. వాళ్లమ్మాయికి అప్పుడు నెలలు నిండుతున్నాయి.

పందెం ఆయన లేకుండానే జరిగింది. తరువాత టాంకు విప్పించి, పలుమార్లు కడిగించి, లోపల ఆవిరి లేదని పరీక్షించాకే అల్లుడిని అతికించనిచ్చాం.

బండిని తిరస్కరించడంతో తనిఖీదారు పని ముగియదు. యజమాని దాన్ని ఎక్కడికి తీసుకెళ్లి ఏం చేయబోతున్నాడో కూడా అడిగి తెలుసుకోవాలి. ఆ తరువాత నా సర్వీసంతా అలా అడగకుండా ఎర్ర చీటీ ఇవ్వలేదు.