మీసమూ, ముక్కుపుడకా

దుబాయ్ కరామాలో ఆడవాళ్లకు మంచాల లెక్కన అద్దెకిచ్చే బెడ్‌స్పేస్ ఫ్లాట్‌లో నాదంటూ ఉన్నది ఒక మంచం, దాని చుట్టూ ఒక కర్టెన్. పగలు బోర్డుల షాపులో ఫ్లెక్సీలు డిజైన్ చేసేదాన్ని. సెలవు రోజుల్లో ఆ కర్టెన్ వెనక నాలాంటి వాళ్ల బొమ్మలు వేసుకునేదాన్ని. నేను ఆడవాళ్లను ప్రేమించే ఆడదాన్ని. ఆ మాట నెల్లూరులో చెప్పలేదు, దుబాయ్‌లో అసలే చెప్పలేదు. నా బొమ్మల్లో మగవాణ్ణి ప్రేమించిన ఉగాండా సెక్యూరిటీ గార్డు ఉన్నాడు, పార్లర్‌లో పనిచేసే ఫిలిప్పీన్స్ జంట ఉంది. అందరం నల్లవాళ్లమో, చామనఛాయవాళ్లమో. ఏ రంగు మిగిలినా నా దగ్గర బ్రౌన్ మాత్రం మిగిలేది కాదు.

అన్నిట్లోకీ భయపడుతూ వేసింది పక్కనే ఉన్న సత్వాలో టైలర్‌గా చేసే నా నేస్తం బొమ్మ. గోదావరి మనిషి. దుకాణంలో అందరికీ అతను, నాకు ఆమె. బంతిపువ్వు రంగు చీర, తనే కుట్టుకున్న జాకెట్టు, ముక్కుపుడక, దాని కింద మీసం. మీసం తీసేస్తే దుకాణంలో ఆరా తీస్తారని ఉంచుకుంది.

"మొహం వద్దులేవే, వెనక నుంచి వేస్తాను" అన్నాను.

"మొహం లేకపోతే అది నేనెలా అవుతానే? మీసంతో సహా వెయ్యి. ఇక్కడ మాత్రం ఎవరి కంటా పడనివ్వకు. నా వీసా చేతిలో ఉన్న కఫీల్‌కి తెలిసిందా, ఉద్యోగం, వీసా అన్నీ ఖలాస్."

వేరే దేశంలో ప్రదర్శనకు పంపేదాకా ఆ కాన్వాసును నా పరుపు కింద దాచాను. పరుపు కింద! నల్లులున్న ఇంట్లో! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం షాపులో ఫోన్ చూస్తే ఫ్లాట్ గ్రూపులో మెసేజ్: నల్లుల మందు కొట్టేశారు, సాయంత్రం ఎవరి మంచం వాళ్లు తుడుచుకోండి. మందు కొట్టే రోజు ఇంట్లో ఎవరుంటే వాళ్లే అందరి పరుపులూ లేపి నిలబెట్టాలి, అది మా ఫ్లాట్ పద్ధతి. తలనొప్పని చెప్పి బయటపడ్డాను. బస్సులో కూర్చున్నంతసేపూ ఆ మీసమే కళ్ల ముందు. నా మూలంగా తన కొంప మునిగిందే దేవుడా అనుకుంటూనే ఉన్నాను.

తలుపు తీయగానే మందు కంపు, దాని మీద అగరొత్తుల వాసన. హాల్లో దేవుడి పటాల పక్కన నా కాన్వాసు గోడకు టేపుతో అంటించి ఉంది. నుదుట ఇంత కుంకుమ! నా బొమ్మ మీద ఎవరు పూశారే అని ఒక్క క్షణం ఒళ్లు మండింది కూడా.

పక్క మంచం అక్క నవ్వుతూ ఎదురొచ్చింది. తిరుపతి వైపు మనిషి, ఇళ్లలో వంట చేస్తుంది.

"ఏంది పాపా, అట్ల నిలబడిపోయినావు? పరుపు లేపితే ఈ బొమ్మ బయటపడె. ఏందిది అని ఆంటీ గుడ్లురిమె. మా గంగమ్మ జాతరలో మొక్కుకున్న మొగోళ్లు మీసంతోనే చీర కట్టి యేషమేస్తారు, ఇది ఆ బొమ్మ అని చెప్పినా."

ఫ్లాట్ నడిపే హిందీ ఆంటీ వంటింట్లోంచి అరిచింది: "భగవాన్ కో బిస్తర్ కే నీచే రఖా? పాప్ లగేగా!"

హమ్మయ్య! దేవుణ్ణి పరుపు కింద పెట్టినందుకా ఈ తిట్లు! ఎన్నైనా తింటాను. బాల్కనీలోకి వెళ్లి నేస్తానికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అటువైపు కుట్టుమిషన్ ఆగిపోయింది.

"అంటే నాకు దండం పెట్టారంటావా?"

"అగరొత్తులు కూడా వెలిగించారు."

"ఓరి నాయనో! కొబ్బరికాయ కూడా కొట్టమనవే" అని పగలబడి నవ్వింది.

పాపం, అక్క నిజంగానే జాతర బొమ్మ అనుకుంది, అదే మమ్మల్ని కాపాడింది అనుకున్నాను. సాయంత్రం నేను కాన్వాసు చుడుతుంటే అక్క తన పాత చీర తెచ్చిచ్చింది, దాంట్లో చుట్టమని.

"అంత అచ్చంగా జాతర వేషంలా ఉందా అక్కా?" అని అడిగాను.

"యాడ పాపా? యేషం కట్టినోళ్ల కండ్లు జనం దిక్కు చూస్తా ఉంటాయి. ఈ బిడ్డవి అట్ల లేవు." చీర మడత సర్దింది. "మా తమ్ముడు జాతరకు కట్టిన చీర మళ్లా ఇప్పనన్నాడు. మా నాయన తరిమేసినాడు. ఆ పొద్దు మాలో ఎవరన్నా ఒక అబద్ధం చెప్పింటే ఇంట్లోనే ఉండేటోడు."

అక్క చీర కొసలు తనే ముడేసింది.

"ఆదివారం ఈ బిడ్డను అన్నానికి పిల్చుకొనిరా. ఇంట్లోకొచ్చినాక చీర కట్టుకోమను. ఆంటీకి ఏం చెప్పాల్నో నేను చూసుకుంటా."